అరికాలిలో మాట్లాడే గోడ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక ఎలుగుబంటి. ఆ ఎలుగుబంటి అరికాలిలో ఒక ఊరు. నవ్వకండి. మీ అరికాలిలో కూడా ఉంది. ఇప్పుడే కాలు పైకెత్తి చెవి దగ్గర పెట్టుకోనక్కర్లేదు, ముందు కథ వినండి.

ఎలుగుబంటి పేరు బొంత. ఒళ్ళంతా పాత బొంతలాగా చింపిరి బొచ్చు ఉండేది కాబట్టి ఆ పేరు వచ్చింది. దానికి ఒక్కగానొక్క కూతురు, మినుగు. ఎలుగుపిల్లలు అమ్మ వీపెక్కి కూర్చుంటాయి. మినుగు పొద్దున ఎక్కితే మళ్ళీ ఆకలేసినప్పుడే దిగేది. కొందరు పిల్లలు కూడా ఇలాగే ఉంటారు. పేర్లు చెప్పను.

అది ఇప్పపూలు రాలే కాలం. ఇప్పపూలంటే ఎలుగులకు ప్రాణం. కొండ అవతల ఇప్పచెట్ల కింద తెల్లారేసరికి తియ్యటి పూలు చాప పరిచినట్టు రాలి ఉంటాయి. ఆలస్యంగా వెళ్తే దుప్పులూ అడవిపందులూ ఒక్కటి మిగల్చవు. ఇవతలేమో వాగు ఎండిపోయింది, పుట్టల్లో చెదలు అయిపోయాయి. ఇక్కడ ఉంటే తిండి లేదు.

"రేపు కొండ దాటుదామే మినుగూ. నీ బొజ్జ నిండా పూలే" అంది బొంత.

అన్న రోజే ముల్లు గుచ్చుకుంది. ఎండిపోతున్న బురదగుంట పక్కన రేగుకంప తొక్కింది. ముల్లు అరికాలిలో కసుక్కున దిగింది. బొంత పళ్ళతో ముల్లు పీకి అవతల ఉమ్మేసింది.

"ఓస్, ఇంతేనా!" అనుకుంది.

ముల్లు బయటికి వచ్చింది. ముల్లుతో లోపలికి పోయినవాళ్ళు మాత్రం రాలేదు.

ఎవరు వాళ్ళు? బురదగుంటలో ఉండే క్రిములు. కంటికి ఆననంత చిన్నవి. ఒక్కోదానికి వెనకాల ఒక తోక. ఆ తోక గిర్రున తిప్పితే సర్రున ఈదుకుంటూ పోతాయి. వాళ్ళ నాయకుడు తోకరాయుడు. వాడి తోక అందరికన్నా పొడుగు, నోరు అంతకన్నా పొడుగు.

"ఒరేయ్, చూశారా! వెచ్చగా ఉంది, తిన్నంత తిండి ఉంది, అడిగేవాడు లేడు. ఈ కాలు మనదేరా!" అని అరిచాడు తోకరాయుడు.

అడిగేవాడు ఉన్నాడు. పక్క సందులోనే ఉన్నాడు. పేరు గుటకన్న.

గుటకన్న ఆ ఊరి కాపలావాడు. తెల్లగా, మెత్తగా, సరిగ్గా ఉడకని ఇడ్లీలాగా ఉంటాడు. కాళ్ళు లేవు, పాకుతాడు. కళ్ళు లేవు, తడుముకుంటాడు. ఒళ్ళంతా నోరే. ఎక్కడ ఏది తగిలితే అక్కడే నోరు తెరిచి గుటుక్కుమనిపిస్తాడు.

మరి కళ్ళు లేనివాడికి దొంగ ఎవరో, ఇంటివాళ్ళు ఎవరో ఎలా తెలుస్తుంది? అందుకు వాళ్ళ వంశంలో తాతల నాటి మాట ఒకటి ఉంది. గుటకన్న పొద్దున్నే లేచి దాన్ని ఎక్కంలాగా అప్పజెప్పేవాడు.

"తగిలి తన్నుకుంటే దొంగ. తగిలి ఊరుకుంటే గోడ."

ఆ మాట మంచిదే. ఇంటి గోడలు మింగేసే కాపలావాడు ఎవరికి కావాలి చెప్పండి?

తోకరాయుడి ముఠా తోకలు తిప్పుకుంటూ సందులోకి దూసుకొచ్చింది. దూసుకొచ్చినవి దూసుకొచ్చినట్టే గుటకన్నని ఢీకొన్నాయి.

"ఎవడ్రా అడ్డంగా? తప్పుకో!" అని తోక గిరగిరా తిప్పింది ఒకటి.

"తగిలావు, తన్నుకుంటున్నావు. దొంగవే!" అన్నాడు గుటకన్న. గుటుక్!

తోకరాయుడికి రోషం వచ్చింది. "ఎదురుగా పోకండ్రా దద్దమ్మల్లారా! పక్కనుంచి పోండి, ఇంకా జోరుగా పోండి!" అన్నాడు. ఎంత జోరుగా ఈదితే అంత తొందరగా గుటకన్న ఒంటికి తగిలాయి. గుటుక్, గుటుక్!

చివరికి తోకరాయుడే బయల్దేరాడు. "మీకు ఈత రాదురా. నన్ను చూసి నేర్చుకోండి" అని సుడిగాలిలా తిరుగుతూ వచ్చాడు. నేరుగా గుటకన్న పొట్టలోకే వచ్చాడు. వాడి నోరు ఆఖరికి మూతపడింది.

గుటకన్న త్రేన్చాడు. "నా అంత వేటగాడు ఈ ఒంట్లోనే లేడు" అని తన బొజ్జ తనే నిమురుకున్నాడు.

ఇదంతా ముల్లు గుచ్చిన కంతలో నక్కి ఒక క్రిమి చూస్తోంది. దాని పేరు నంగనాచి. పేరుకు తగ్గట్టే ఉండేది. నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు కనిపించేది.

'తోకరాయుణ్ణి పట్టించింది వాడి తోకే' అనుకుంది నంగనాచి. 'ఈ మెత్తటాయనకి కళ్ళు లేవు. కదలిక తగిలితేనే మింగుతున్నాడు. నాకెందుకు ఈ తోక?'

అనుకున్నదే తడవు, తోక ఊడబెరికి అవతల పారేసింది. మిగిలిన క్రిములు కొన్ని "అయ్యో, తోక లేకపోతే ఎలాగే?" అన్నాయి.

"తోక ఉన్నవాళ్ళంతా ఎక్కడున్నారు?" అంది నంగనాచి.

అందరూ గుటకన్న పొట్టవైపు చూశారు. ఆ తర్వాత చడీచప్పుడు లేకుండా ఎవరి తోక వాళ్ళు పారేశారు. ఒక మూల ఒకదాని పక్కన ఒకటి ఒదిగి కూర్చున్నారు.

కాసేపటికి గుటకన్న తడుముకుంటూ అటు వచ్చాడు. మెల్లిగా తగిలాడు.

"ఎవరది?"

"గోడనండీ" అంది నంగనాచి, సన్నటి గొంతుతో.

గుటకన్న ఆగాడు. తన్నుకుంటుందేమో అని చూశాడు. తన్నుకోలేదు. "గోడవా! క్షమించమ్మా, చూసుకోలేదు" అని పక్కకి తప్పుకుని పోయాడు.

చూశారా పిల్లలూ? గోడ మాట్లాడింది, అయినా ఆయనకి అనుమానం రాలేదు. తాతల మాటలో 'గోడ మాట్లాడకూడదు' అని లేదు మరి!

క్రిములు ఊరికే కూర్చోలేదు. కూర్చున్న చోటే తిన్నాయి. తిని తిని ఒకటి రెండయ్యింది, రెండు నాలుగయ్యాయి. అందరూ కలిసి ఒంటి చుట్టూ జిగురు పూసుకున్నారు. నిజంగానే గోడలాగా తయారయ్యారు.

మర్నాడు గుటకన్న మళ్ళీ వచ్చాడు. నిన్న ఖాళీగా ఉన్న చోట ఏదో తగిలింది.

"ఎవరది?"

"అరుగునండీ. గోడకి ఆనుకుని ఉండేదాన్ని."

"నిన్న లేవే?"

"మీరు పనిలో పడి గమనించలేదేమోనండీ. మీకు ఎన్ని పనులు, పాపం!"

పొగిడితే పడనివాళ్ళు ఎవరు? గుటకన్న పొంగిపోయాడు. "మన ఊరు బాగుపడుతోంది, అరుగులు కూడా వస్తున్నాయి" అని సంబరపడ్డాడు. అలసటగా ఉందని ఆ అరుగు మీదే ఒరిగి ఒక కునుకు తీశాడు కూడా. కాపలావాడు దొంగల ఒళ్ళో నిద్రపోవడం అంటే ఇదే.

ఆ మర్నాడు సందు సగం మూసుకుపోయింది. గుటకన్న దూరడానికి చోటు లేదు.

"ఇప్పుడెవరు?"

"పంచపాళీ అండీ, అరుగు ముందు వసారాని. కాస్త చుట్టూ తిరిగి వెళ్ళండి, మీకు పుణ్యం ఉంటుంది."

గుటకన్న చుట్టూ తిరిగి వెళ్ళాడు.

ఈలోపు పైన ఏమైందో తెలుసా? బొంత పాదం తాటికాయంత వాచింది. ఎర్రబడి, నిప్పులాగా కాలిపోతోంది. కొండ దాటడం కాదు గదా, గుహ గడప దాటడమే కష్టమైంది. మినుగు వీపు మీదినుంచి దిగి అమ్మ ముఖంలోకి చూసింది.

"అమ్మా, పూల దగ్గరికి ఎప్పుడు వెళ్తాం?"

"రేపు తల్లీ" అంది బొంత.

నిన్న కూడా అదే చెప్పింది. మినుగు ఖాళీ పొట్ట పట్టుకుని అమ్మ పక్కన ముడుచుకుంది. గాలికి వచ్చే పూల వాసన పీల్చి పీల్చి, మూలనున్న ఎండిన ఆకులే నమిలింది.

కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కడుతుంది. మీ అమ్మమ్మని అడగండి, చెబుతుంది. బొంతకీ కట్టింది. ఆ బిళ్ళే బొట్టమ్మ పుట్టిల్లు. బొట్టమ్మ అంటే గుటకన్నని అన్నయ్యా అని పిలిచే ఇంకో కాపలామనిషి. కాలిలో ఏదో తేడాగా ఉందని కబురు అందగానే బొట్టమ్మ బయల్దేరింది. బయల్దేరడం అంటే తెలుసుగా? ఏ క్రిమికి ఏ రంగు బొట్టు అతుకుతుందో చూసి, కుంకుమ కలుపుకుని, భరిణె నింపుకుని, తలుపు దాకా వచ్చి ఏదో మర్చిపోయానని మళ్ళీ లోపలికి వెళ్ళి, ఆఖరికి కదిలింది. చేరేసరికి కొన్ని రోజులు పట్టింది. కానీ వచ్చింది.

బొట్టమ్మ చిన్నది. ఎవరినీ మింగలేదు, కొట్టలేదు. ఊళ్ళో పేరంటానికి పిలిచేవాళ్ళు ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి రమ్మంటారు చూడండి, ఆ పనే ఆమెది. పరాయివాళ్ళని గుర్తుపట్టి ఒక్కొక్కరికీ జిగురు బొట్టు పెడుతుంది. ఒకసారి పెడితే ఇక ఊడదు.

వచ్చీ రాగానే గోడ మీద చెయ్యి వేసి ఆగిపోయింది.

"అన్నయ్యా, ఈ గోడ ఎవరిది?"

"మనదే చెల్లెమ్మా. కొత్తగా వచ్చింది."

"ఎవరు కట్టారు?"

గుటకన్న తడబడ్డాడు. "ఎవరో... కట్టి ఉంటారులే."

"ఇది గోడ కాదన్నయ్యా. దొంగలు సంసారం పెట్టారు."

గుటకన్నకి కోపం వచ్చింది. "నాకు నేర్పుతావా? తోకరాయుణ్ణి మింగినవాణ్ణి నేను! తగిలి తన్నుకుంటే దొంగ, తగిలి ఊరుకుంటే గోడ. మా తాత చెప్పాడు. నేను రోజూ తగులుతున్నాను. ఒక్కరోజైనా తన్నుకుందా?"

"కుండలో చద్దన్నం తన్నుకుంటుందా అన్నయ్యా? కదలకుండానే పాచిపోతుంది."

"అవునండీ, మేము కదల్లేదండీ. ఆవిడకి మేమంటే గిట్టదండీ" అని గోడలోంచి సన్నటి గొంతు వినిపించింది.

"చూశావా, గోడ కూడా అదే అంటోంది!" అన్నాడు గుటకన్న.

బొట్టమ్మ నెత్తి కొట్టుకుంది. ఇంకేం చేస్తుంది?

సరిగ్గా అప్పుడే పైనుంచి ఉరుములాంటి గొంతు వినపడింది. బొంత తన పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని మాట్లాడుతోంది.

"ఓసి కాలా, నీకేమైందే? నువ్వు లేవకపోతే నేను లేవలేను. నేను లేవకపోతే నా పిల్ల ఆకలికి చచ్చిపోతుందే. పూలన్నీ అయిపోతున్నాయి. ఒక్కసారి లేవవే, నీకు దణ్ణం పెడతాను."

ఆ తర్వాత ఏదో వెచ్చగా పాదం మీద పడింది. అది కన్నీళ్ళని గుటకన్నకి ఎవరూ చెప్పలేదు. అయినా అర్థమైంది.

గుటకన్నకి గుండె లేదు గానీ, ఉండాల్సిన చోట కలుక్కుమంది. ఇంత పెద్ద తల్లి తన చిన్న ఊరిని బతిమాలుకుంటోంది. తనేమో అరుగు మీద కునుకు తీశాడు. సిగ్గుతో ఇంకా చిన్నవాడైపోయాడు.

"చెల్లెమ్మా, ఒకటి అడుగుతాను నిజం చెప్పు. నేను తోకరాయుణ్ణి పట్టుకున్నానా, వాడే వచ్చి నా నోట్లో పడ్డాడా?"

బొట్టమ్మ మెత్తగా అంది. "వాడే వచ్చి పడ్డాడు అన్నయ్యా. వాళ్ళంతా అంతే. ఈదుకుంటూ వచ్చి నీకు తగిలారు. నువ్వు నోరు తెరిచావు."

"అంటే ఇన్నాళ్ళూ నేను వేటాడనే లేదు."

"లేదు. ఈ రోజు మొదలుపెట్టు."

తాతల మాట వదలడం అంటే మాటలా? అయినా గుటకన్న బొజ్జ బిగించాడు. "బొట్టు పెట్టమ్మా. నువ్వు పెట్టిన చోటికల్లా నేను పాకుతాను. వాళ్ళు రాకపోతే నేనే వెళ్తాను" అన్నాడు.

ఊరి కాపలావాళ్ళందరినీ కేకేశాడు. అందరూ వచ్చారు. బొట్టమ్మ ముందు నడిచింది. జిగురు సందుల్లో వేలు దూర్చి, దొరికినవాళ్ళకి దొరికినట్టు బొట్టు పెట్టింది. "అమ్మా, మా అన్నయ్య ఇంట్లో భోజనం, తప్పకుండా రావాలి" అని మర్యాదగా చెబుతూ మరీ పెట్టింది. ఆ భోజనంలో వడ్డించేది ఎవరినో క్రిములకి తెలిసిపోయింది.

పని తేలిక కాలేదు. ఈదుకొచ్చేవాళ్ళని మింగడం వేరు, అంటుకుపోయి కూర్చున్నవాళ్ళని పీకడం వేరు. గుటకన్న ఒక్కోదాని దగ్గరికి పాకాలి. ఒళ్ళు సాచాలి. చుట్టూ కమ్ముకోవాలి. బొట్టు తగిలితే పట్టు బిగించి లాగాలి. జిగురుకి నోరు అంటుకుపోయేది. కాపలావాళ్ళు చాలామంది అలసి అక్కడే పడిపోయారు, మళ్ళీ లేవలేదు. పుండులోంచి తెల్లగా చీము కారితే మీరు 'ఛీ' అంటారు కదా? అందులో ఉన్నది వాళ్ళే. ఈసారి 'ఛీ' అనే ముందు కాస్త ఆగండి.

చివరికి మూలన ఒక్కతే మిగిలింది. నుదుటన బొట్టుతో, అమాయకంగా.

"నేను కదల్లేదు కదండీ. నేనేం చేశానండీ?" అంది నంగనాచి.

"కదలకుండానే ఒక తల్లిని కూలదోశావు" అన్నాడు గుటకన్న.

నంగనాచి చుట్టూ చూసింది. పారిపోవాలి. సందు ఖాళీగానే ఉంది, ముల్లు గుచ్చిన కంత దగ్గరలోనే ఉంది. ఒక్క ఈత ఈదితే బయటపడొచ్చు. ఒళ్ళంతా ఊపింది. ఉన్న చోటే ఉంది. వెనక్కి తడుముకుంది. అక్కడ ఏమీ లేదు.

"అయ్యో, నా తోక!" అంది.

గుటుక్!

దాన్ని కాపాడిన తెలివే దాన్ని పట్టించింది. జాలిపడేవాళ్ళు పడండి, నేను మాత్రం పడను. మినుగు పొట్ట గుర్తొస్తోంది నాకు.

ఆ పొద్దున బొంత పాదంలో పుండు పగిలి చీము అంతా కారిపోయింది. బొంత నాలుకతో శుభ్రంగా నాకింది. వాపు తగ్గింది, మంట తగ్గింది. మెల్లిగా పాదం నేల మీద మోపి చూసింది. నిలబడింది.

"ఎక్కవే మినుగూ!" అంది.

మినుగు ఎక్కడానికి కూడా ఓపిక లేక రెండుసార్లు జారిపోయింది. మూడోసారి అమ్మే వంగి వీపు కిందికి పెట్టింది. కుంటుకుంటూ, ఆగుతూ, మళ్ళీ నడుస్తూ కొండ దాటారు. చాలా చెట్ల కింద దుప్పులు ఊడ్చేసి ఉన్నాయి. కానీ ఆలస్యంగా పూసే పిచ్చి చెట్టు ఎప్పుడూ ఒకటి ఉంటుంది. దాని కింద పూలు తెల్లగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. మినుగు మొదటి పువ్వు తను తినకుండా అమ్మ నోట్లో పెట్టింది. రెండోది కూడా పెడుతుందని బొంత నోరు తెరిచి కూర్చుంది. పెట్టలేదు. ఆకలి మరి!

అరికాలి ఊళ్ళో గుటకన్న ఇప్పుడు కూడా పొద్దున్నే లేస్తాడు. తాతల మాట అప్పజెబుతాడు. చివర తనది ఒక ముక్క కలిపాడు. "తగిలి తన్నుకుంటే దొంగ. తగిలి ఊరుకుంటే గోడ. కానీ గోడని కూడా తట్టి చూడు" అంటాడు. తర్వాత ఊరంతా పాకుతూ ఒక్కో గోడనీ తడుతూ, "ఎవరది?" అని అడుగుతాడు.

ఏ గోడా జవాబు చెప్పదు.

"ఆఁ, నువ్వు నిజమైన గోడవే" అని దాన్ని నిమిరి, తర్వాతి గోడ దగ్గరికి వెళ్తాడు.

నీతి: గంతులేసే చెడు తనే వచ్చి దొరికిపోతుంది, కదలకుండా కూర్చున్న చెడు దగ్గరికి మనమే కదిలి వెళ్ళాలి.